త్సావ్ త్సావ్: తిండి లెక్క నేర్చుకున్న మనిషి

దసరా సెలవులకి ఉరవకొండ వెళ్తే మధ్యాహ్నాలు నాకు పెద్దగా పనుండదు. లాప్‌టాప్ తెరిచి టోటల్ వార్: త్రీ కింగ్‌డమ్స్ ఆడుకుంటుంటాను. 2019లో వచ్చిన గేమ్ అది. కథ మాత్రం పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి చైనాది. హాన్ సామ్రాజ్యం కూలిపోతుంటే తలా ఒక ముక్క పట్టుకుని కొట్టుకున్న సేనానుల కాలం. క్రీ.శ. 190లో ఆట మొదలవుతుంది. మనం ఒక నాయకుణ్ణి ఎంచుకుని, టర్న్ తర్వాత టర్న్ ఊళ్ళు పెంచుకుంటూ, సైన్యాలు నడుపుతూ, చివరికి దేశం మొత్తాన్ని చేతిలోకి తెచ్చుకోవాలి. నేను ఎప్పుడూ ఎంచుకునేది త్సావ్ త్సావ్‌నే. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి మా హాస్టల్లో అందరూ కావో కావో అంటారు. గేమ్‌లో పలికేది వింటే త్సావ్ త్సావ్ అని వినిపిస్తుంది.

మా జేజి పక్కన కూర్చుని చెనక్కాయలు ఒలుస్తూ అప్పుడప్పుడు స్క్రీన్ వైపు చూసేది. ఒకరోజు నేను ఒక కోటని చుట్టుముట్టి, లోపలివాళ్ళు ఆకలికి తట్టుకోలేక లొంగిపోయేదాకా టర్న్‌లు తిప్పుతూ ఉన్నాను. చీమల బారులా ఉన్న నా సైన్యాన్ని చూసి జేజి ఒకే ఒక్క మాట అడిగింది. ఇంతమంది ఏం తింటారు, వీళ్ళకి గింజలు ఎవరు పండిస్తున్నారు అని.

నవ్వేసి ఊరుకున్నాను. కానీ స్క్రీన్ పైన చూస్తే నా రాజ్యం తిండి అంకె మైనస్‌లో ఉంది. ఎన్ని టర్న్‌ల నుంచి అలా ఉందో కూడా నేను చూసుకోలేదు. గుర్రాలు, బాణాలు, సేనానుల పోరాటాలు, వీటి మీదే నా దృష్టంతా. ఆ తర్వాత నాలుగైదు టర్న్‌లకే నా జిల్లాల్లో తిరుగుబాట్లు మొదలై ఆట చేజారిపోయింది.

అప్పుడు కోపంతో అసలు త్సావ్ త్సావ్ ఏం చేశాడో చదవడం మొదలుపెట్టాను. చదివాక తెలిసింది ఏంటంటే, ఆయన జీవితం మొత్తం జేజి అడిగిన ప్రశ్నకి జవాబు వెతుక్కోవడమే. ఆ జవాబు కొంత గొప్పగా ఉంది, కొంత భయంకరంగా ఉంది. రెండూ ఒకే మనిషివి. అందుకే ఈ వ్యాసం.

త్సావ్ త్సావ్ 155లో పుట్టాడు. సొంతూరు చియావ్, ఇప్పటి అన్హుయ్ ప్రాంతంలోని బోజౌ. పుట్టుకతోనే ఒక మచ్చ ఉంది. తాత త్సావ్ తెంగ్ చక్రవర్తి అంతఃపురంలో పనిచేసిన నపుంసక ఉద్యోగి. అలాంటివాళ్ళు ఒకరిని దత్తత తీసుకోవచ్చు. అలా దత్తత వచ్చినవాడే త్సావ్ త్సావ్ తండ్రి త్సావ్ సోంగ్. ఇంట్లో డబ్బుంది, పలుకుబడి ఉంది, కానీ పెద్ద వంశాలవాళ్ళు ఆ ఇంటిని లోపల్లోపల చిన్నచూపు చూసేవాళ్ళు. ఆయన చిన్నప్పటి స్నేహితుడు యువాన్ షావ్ ఇల్లు అలా కాదు. తరతరాలుగా మంత్రి పదవులు చేసిన వంశం. ఈ ఇద్దరి పేర్లు గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడతాయి.

ఇరవై ఏళ్ళ వయసులో ఆయనకి రాజధాని లువోయాంగ్‌లో మొదటి ఉద్యోగం వచ్చింది. నగరం ఉత్తర భాగానికి రక్షణ అధికారి. ఇప్పటి లెక్కలో ఒక ఏరియాకి పోలీసు ఆఫీసర్ అనుకోవచ్చు. చేరగానే గేట్ల దగ్గర రంగురంగుల కర్రలు వేలాడదీయించాడు. రాత్రి నిషేధం దాటి ఎవరు తిరిగినా, ఎంత పెద్దవాళ్ళయినా, ఆ కర్రలతో కొట్టిస్తాడు. చక్రవర్తికి బాగా దగ్గరైన ఒక అంతఃపుర అధికారి బాబాయి ఆ నియమం దాటి దొరికిపోయాడు. అతన్ని చచ్చేదాకా కొట్టించాడు. ఇది చదివి మొదట నాకు భలే అనిపించింది. కొంచెం ఆలోచిస్తే, రాత్రి బయట తిరిగినందుకు ఒక మనిషి ప్రాణం తీశాడు కదా అనిపించింది. ఆయన జీవితంలో చాలా చోట్ల ఇలాగే జరుగుతుంది. మొదట చప్పట్లు కొట్టాలనిపిస్తుంది, తర్వాత చేతులు ఆగిపోతాయి.

184లో పసుపు తలపాగాల తిరుగుబాటు వచ్చింది. కరువులు, పన్నులు, రోగాలతో విసిగిపోయిన రైతులు తలకి పసుపు గుడ్డ కట్టుకుని లక్షల్లో లేచారు. త్సావ్ త్సావ్ గుర్రపు దళానికి అధికారిగా వాళ్ళని అణచడానికి వెళ్ళాడు. తిరుగుబాటు అణగింది కానీ సామ్రాజ్యం మాత్రం మళ్ళీ కోలుకోలేదు. 189లో దోంగ్ జువో అనే సరిహద్దు సేనాని రాజధానిలోకి దూరి, ఉన్న చక్రవర్తిని దించేసి, చిన్న పిల్లవాణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టాడు. త్సావ్ త్సావ్ అక్కణ్ణుంచి తప్పించుకుని పోయి, ఉన్న ఆస్తంతా ఖర్చుపెట్టి సుమారు 5,000 మందిని పోగేశాడు.

మా గేమ్ మొదలయ్యేది ఇక్కడే. 190లో తూర్పు ప్రాంతాల నాయకులందరూ దోంగ్ జువో మీదికి కూటమి కట్టారు. యువాన్ షావ్ దానికి పెద్ద. లక్షకి పైగా సైన్యం చేరింది. కానీ నాయకులు రోజూ విందులు చేసుకుంటూ కూర్చున్నారు, ఎవరూ ముందుకి కదల్లేదు. త్సావ్ త్సావ్ ఒక్కడు తన కొద్దిపాటి సైన్యంతో వెళ్ళి, ఘోరంగా ఓడిపోయి, తమ్ముడి వరసయ్యే త్సావ్ హోంగ్ ఇచ్చిన గుర్రం మీద ప్రాణాలతో బయటపడ్డాడు. కూటమి చివరికి ఎలా విడిపోయిందో తెలుసా? యుద్ధంలో ఓడి కాదు. తెచ్చుకున్న గింజలు అయిపోయాయి. ఎవరి దారిన వాళ్ళు పోయారు.

192లో ఆయన జీవితం మలుపు తిరిగింది. యెన్‌జౌ అనే ప్రాంతంలోకి చింగ్‌జౌ వైపు నుంచి పసుపు తలపాగాలవాళ్ళు మళ్ళీ వచ్చిపడ్డారు. త్సావ్ త్సావ్ వాళ్ళని ఓడించాడు. లొంగిపోయిన సైనికులే మూడు లక్షల పైచిలుకు. వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళతో కలిపి పది లక్షలు దాటారని చరిత్రలో రాశారు. అందులో గట్టివాళ్ళని ఏరి చింగ్‌జౌ సేన అని పేరుపెట్టి తన సైన్యంలో కలుపుకున్నాడు. గేమ్‌లో ఇలా జరిగితే మనకి పండగే, రూపాయి ఖర్చు లేకుండా సైన్యం పెరిగింది కదా. నిజంలో అయితే పది లక్షల నోళ్ళు పెరిగాయి. వాళ్ళు తిరుగుబాటు చేసిందే తిండి లేక. ఇప్పుడు వాళ్ళకి తిండి పెట్టాల్సింది ఈయన.

193లో ఆయన తండ్రి త్సావ్ సోంగ్ షుజౌ ప్రాంతం మీదుగా వస్తుండగా హత్యకి గురయ్యాడు. అక్కడి పాలకుడు తావ్ చియెన్ మనుషులే చంపారని నింద. త్సావ్ త్సావ్ పగతో షుజౌ మీద పడ్డాడు. అక్కడ చేసింది యుద్ధం కాదు, ఊచకోత. రాజధాని గొడవలు తట్టుకోలేక పారిపోయి వచ్చి షుజౌలో తలదాచుకున్న కుటుంబాలని కూడా వదల్లేదు. శవాలు అడ్డుపడి సి నది పారడం ఆగిపోయిందని రాశారు. దీన్ని ఆయన అభిమానులు ఎవరూ కప్పిపుచ్చలేరు. నేనూ కప్పిపుచ్చను. తండ్రిని చంపిన పాలకుడు మాత్రం కోటలో క్షేమంగా ఉన్నాడు. చచ్చినవాళ్ళకి ఆ హత్యతో ఏ సంబంధమూ లేదు. ఇంతకీ ఆ దండయాత్ర ఎందుకు ఆగిందంటే, జాలి కలిగి కాదు. సైన్యానికి గింజలు తక్కువపడి వెనక్కి తిరిగాడు.

194లో ఆయన రెండోసారి షుజౌ మీదికి పోయినప్పుడు సొంత ఇంట్లోనే దెబ్బ తగిలింది. నమ్మిన స్నేహితులు తిరగబడి, లు బు అనే మహావీరుణ్ణి పిలిచి యెన్‌జౌని అప్పగించారు. త్సావ్ త్సావ్ చేతిలో మిగిలింది మూడంటే మూడు పట్టణాలు. లు బు అంటే గేమ్ ఆడేవాళ్ళకి తెలుసు, ఒక్కడే వందమందిని లేపేస్తాడు. ఇద్దరూ నూరు రోజులకి పైగా ఎదురెదురుగా నిలబడి కొట్టుకున్నారు. చివరికి గెలిచింది ఇద్దరూ కాదు, మిడతలు. మిడతల దండు వచ్చి పైరంతా తినేసింది. ధాన్యం ధర ఆకాశానికి పోయింది. మనుషులు మనుషుల్ని తిన్నారని రాశారు. రెండు సైన్యాలూ తిండి లేక ఎటువాళ్ళు అటు పోయాయి. మరుసటి ఏడాది లు బు మళ్ళీ మీదికి వచ్చినప్పుడు, త్సావ్ త్సావ్ సైనికులు దాదాపు అందరూ గోధుమ కోతకి పోయి ఉన్నారు. శిబిరంలో వెయ్యి మంది కూడా లేరు. గోడల మీద ఆడవాళ్ళని నిలబెట్టి, మిగిలిన మనుషుల్ని దాచి, ఎలాగో గట్టెక్కాడు.

అప్పటికి ఆయన వయసు నలభై. యుద్ధవిద్యలో దేశంలోనే పేరున్నవాడు, సున్ త్జు యుద్ధశాస్త్రానికి వ్యాఖ్యానం రాసినవాడు. అలాంటివాడిని కూడా ఆ కొన్నేళ్ళలో మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పింది ఖాళీ గిడ్డంగే. చుట్టుపక్కల కూడా అదే పరిస్థితి. ఉత్తరాన యువాన్ షావ్ సైనికులు మల్బరీ పళ్ళు ఏరుకుని తిన్నారు. దక్షిణాన యువాన్ షు సైనికులు చెరువుల్లో నత్తగుల్లలు ఏరుకుని బతికారు. ఎవరూ కొట్టకుండానే కూలిపోయిన సైన్యాలు ఎన్నో.

196లో త్సావ్ త్సావ్ రెండు పనులు చేశాడు. మొదటిది అందరికీ తెలిసిందే. అనాథలా తిరుగుతున్న హాన్ చక్రవర్తిని తన దగ్గరికి తెచ్చుకున్నాడు. చక్రవర్తి అప్పటికి కాలిపోయిన లువోయాంగ్‌కి తిరిగి వచ్చి ఉన్నాడు. ఆయన అధికారులు స్వయంగా పోయి అడవి ఆకుకూరలు ఏరుకుంటున్నారు, కొందరు పడిపోయిన గోడల మధ్య ఆకలితో చనిపోయారు. రాజధానిలో గింజలు లేవు, తిండి దొరికే చోటికి దగ్గరగా పోదాం అనే మాట చెప్పే త్సావ్ త్సావ్ ఆయన్ని కదిలించి, ఇప్పటి షుచాంగ్ ప్రాంతానికి తెచ్చాడు. ఆ తర్వాత ఆజ్ఞలన్నీ చక్రవర్తి పేరుతో, నిర్ణయాలన్నీ త్సావ్ త్సావ్‌వి.

రెండో పని గురించి గేమ్ ఆడేవాళ్ళు పెద్దగా మాట్లాడుకోరు. దాన్ని తున్‌తియెన్ అంటారు. యుద్ధాల్లో యజమానులు చచ్చిపోయో, పారిపోయో బీడు పడిన భూములు ఎక్కడ చూసినా ఉన్నాయి. ఊరు లేక తిరిగే జనం ఉన్నారు. ఓడిపోయిన పసుపు తలపాగాల దగ్గర దొరికిన ఎద్దులు, పనిముట్లు ఉన్నాయి. ఈ మూడింటినీ కలిపి, ప్రభుత్వమే జనాన్ని భూముల్లో కూర్చోబెట్టి సేద్యం చేయించాలి. సరిహద్దుల్లో సైనికులతో ఇలా చేయించడం పాత చక్రవర్తుల కాలం నుంచీ ఉంది. దేశం నడిమధ్యలో, మామూలు జనంతో, ఇంత పెద్ద ఎత్తున చేయడం కొత్త. దీన్ని ముందుకి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు జావ్ జి అనే అధికారి. గేమ్ ఇన్నాళ్ళు ఆడినా ఈ పేరు నా చెవిన పడలేదు.

పంటలో ప్రభుత్వ భాగం ఎలా తీసుకోవాలి అన్న దగ్గర పెద్ద వాదన జరిగింది. సలహాదారులందరూ ఎద్దుల లెక్కన ఇన్ని గింజలు అని ఖాయం చేసేద్దాం అన్నారు. మొదట అలాగే అమలు చేశారు. జావ్ జి ఒప్పుకోలేదు. బాగా పండిన ఏడాది ప్రభుత్వానికి అదనంగా ఏమీ రాదు, వరదో కరువో వచ్చిన ఏడాది మాఫీ చేయక తప్పదు, ఇదేం లెక్క అన్నాడు. పండినదాంట్లో భాగం తీసుకుందాం అన్నాడు. త్సావ్ త్సావ్ కాదన్నాడు. జావ్ జి మళ్ళీ వచ్చాడు. త్సావ్ త్సావ్‌కి ఏం తోచక ముఖ్య సలహాదారు షున్ యు దగ్గరికి పంపాడు. అక్కడా తేలలేదు. జావ్ జి లెక్కలు వేసుకుని మళ్ళీ వచ్చాడు. చివరికి త్సావ్ త్సావ్ దిగివచ్చి, అతని చేతికే పని అప్పజెప్పాడు. ప్రభుత్వం ఎద్దులు వాడుకున్న రైతు పంటలో పదింట ఆరు వంతులు ఇవ్వాలి, సొంత ఎద్దులుంటే సగం.

ఇక్కడ నేను చదవడం ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను. ఎందుకంటే ఇది మా ఇంట్లో నేను విన్న వాదనే. మా వైపు కౌలు రెండు రకాలు. గుత్త అంటే పండినా ఎండినా ఇంత అని ముందే ఖాయం. కోరు అంటే పండినదాంట్లో భాగం. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక ఏడాది నాయన ఐదెకరాలు గుత్తకి తీసుకుని చెనక్కాయ వేశాడు. ఊడలు దిగే సమయంలో వాన మొహం చాటేసింది. చెట్టు పీకితే కాయలు లేవు. గుత్త డబ్బు మాత్రం ముందే కట్టేశాం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని చోట, వాన రాకపోతే నష్టం ఎవరిది అన్నదే అసలు ప్రశ్న. అది రెండో శతాబ్దపు చైనాలో కూడా ఒక మనిషిని పదేపదే ఒకే గుమ్మం ఎక్కించింది.

జావ్ జిని రైతుల దేవుడు అనలేం. అతను చూసింది ప్రభుత్వ గిడ్డంగి లాభమే. పదింట ఆరు వంతులంటే చిన్న భాగమూ కాదు. కొత్తలో జనం ఈ పొలాల నుంచి పారిపోయారు కూడా. బలవంతంగా కాకుండా, ఇష్టమున్నవాళ్ళనే తీసుకుందాం అని యువాన్ హువాన్ అనే అధికారి చెప్తే, త్సావ్ త్సావ్ విని ఆ పద్ధతి మార్చాడు. అయినా ఒకటి నిజం. ఎండిన ఏడాది లెక్కలో రైతుతో పాటు ప్రభుత్వం కూడా ఉంది. మొదటి ఏడాదే షుచాంగ్ చుట్టుపక్కల పది లక్షల హుల ధాన్యం వచ్చింది. ఒక హు అంటే ఇంచుమించు 20 లీటర్ల కొలత. తర్వాత ప్రతి ప్రాంతంలోనూ ఇలాంటి పొలాలు, గిడ్డంగులు వెలిశాయి. జావ్ జి తొందరగానే చనిపోయాడు. చాలా ఏళ్ళ తర్వాత త్సావ్ త్సావ్, తన గెలుపులకి మూలం ఆ మనిషి పట్టుదలేనని, తాను మొదట కాదన్నానని కూడా రాసి, అతని కొడుకుకి బిరుదు ఇప్పించాడు. తనది తప్పని కాగితం మీద ఒప్పుకునే పాలకులు ఎప్పుడూ తక్కువే.

పైరు గురించి ఇంకో కథ ఉంది. దండు నడుస్తుండగా, గోధుమ చేలు తొక్కినవాడికి మరణశిక్ష అని ఆజ్ఞ వేశాడట. సైనికులు గుర్రాలు దిగి, చేత్తో గోధుమ కంకుల్ని పక్కకి జరుపుకుంటూ నడిచారట. అంతలో త్సావ్ త్సావ్ గుర్రమే బెదిరి చేలో పడింది. సేనాధిపతి చస్తే సైన్యాన్ని నడిపేదెవరు అని అధికారులు అడ్డుపడితే, కత్తి తీసి తన జుట్టు కోసుకుని నేల మీద పడేశాడట. ఆ కాలంలో జుట్టు తీయడం కూడా ఒక శిక్షే, పెద్ద అవమానం. ఇది నాటకం అని కొందరంటారు. కావచ్చు. కానీ నాటకం ఆడైనా చేనుని కాపాడాలి అనుకున్న సేనాధిపతులు ఆ కాలంలో ఎంతమంది ఉన్నారు?

అంత తెలివైనవాడు 197లో ఘోరమైన తప్పు చేశాడు. జాంగ్ షియు అనే సేనాని యుద్ధం లేకుండానే లొంగిపోతే, అతని చిన్నాన్న భార్యని, భర్త పోయిన ఆవిడని, తన దగ్గర ఉంచుకున్నాడు. అవమానం తట్టుకోలేక జాంగ్ షియు రాత్రికి రాత్రి దాడి చేశాడు. పెద్దకొడుకు త్సావ్ ఆంగ్, అన్నదమ్ముల బిడ్డ ఒకడు, గుమ్మం దగ్గర ఒంటరిగా పోరాడిన అంగరక్షకుడు దియెన్ వెయ్, ముగ్గురూ చనిపోయారు. త్సావ్ ఆంగ్‌ని పెంచిన తల్లి తింగ్ మళ్ళీ భర్త మొహం చూడలేదు. పుట్టింటికి పోయి మగ్గం ముందు కూర్చుంది. ఆయన వెళ్ళి బతిమాలినా తల తిప్పలేదు. ఎన్నో కోటల తలుపులు తెరిపించినవాడు ఆ ఒక్క ఇంటి నుంచి ఉత్త చేతులతో వచ్చాడు.

200లో చిన్నప్పటి స్నేహితుడు యువాన్ షావ్‌తో తేల్చుకోవాల్సిన రోజు వచ్చింది. పచ్చ నది దక్షిణాన గ్వాన్‌దు దగ్గర నెలల తరబడి యుద్ధం. యువాన్ షావ్ దగ్గర లక్ష మంది, త్సావ్ త్సావ్ దగ్గర అంతకంటే చాలా తక్కువ. గింజలు అడుగంటాయి. వెనక్కి పోదామా అని షున్ యుకి ఉత్తరం రాశాడు, అతను వద్దు నిలబడమన్నాడు. అంతలో యువాన్ షావ్ మనిషి షు యో అలిగి ఇటు వచ్చేసి, ధాన్యం బండ్లన్నీ వుచావ్ అనే చోట ఉన్నాయని చెప్పాడు. త్సావ్ త్సావ్ 5,000 మందితో రాత్రికి రాత్రి తానే స్వయంగా పోయి ఆ గింజలన్నీ తగలబెట్టాడు. అంతే, అంత పెద్ద సైన్యం చెల్లాచెదురైంది. యువాన్ షావ్ 800 మంది రౌతులతో నది దాటి పారిపోయాడు. దొరికిన ఉత్తరాల్లో తన సొంత మనుషులు శత్రువుకి రాసినవి కూడా ఉంటే, చదవకుండా కాల్చేయించాడు. ఇది గొప్ప మనసు. అదే చోట లొంగిపోయిన వేలమంది శత్రు సైనికుల్ని పాతిపెట్టించాడు. ఇదీ అతనే.

202లో సొంతూరు చియావ్‌కి వెళ్ళాడు. రోజంతా తిరిగినా తెలిసిన మొహం ఒక్కటి కనబడలేదని బాధపడ్డాడు. తనతో వచ్చి చచ్చిపోయినవాళ్ళ కుటుంబాలకి భూమి, ఎద్దులు ఇప్పించి, పిల్లలకి చదువు చెప్పేవాళ్ళని పెట్టించాడు. పిల్లలు లేకుండా పోయినవాళ్ళకి బంధువుల్లో వారసుల్ని వెతికించాడు.

207లో ఉత్తర సరిహద్దు దాటి వుహువాన్ తెగల మీదికి పోయి గెలిచాడు. తిరుగు ప్రయాణం నరకం. చలి, దానికి తోడు అనావృష్టి. 200 లీల దూరం చుక్క నీరు లేదు. తిండి కోసం వేల గుర్రాల్ని చంపుకున్నారు. నేలని 30 జాంగ్‌లకి పైగా తవ్వితేగాని నీళ్ళు పడలేదు. ఆ కాలపు కొలతలో అది సుమారు 230 అడుగులు, చేతుల్తో తవ్వారు. మా ఊళ్ళో మిషన్‌తో అంతకంటే ఎంతో లోతుకి బోరు వేసినా దుమ్ము వస్తుంటుంది కాబట్టి, ఆ వాక్యం దగ్గర నాకు నోరు ఎండినట్టయింది. ఇంటికి చేరాక ఆయన, ఈ దండయాత్ర వద్దని ముందు చెప్పినవాళ్ళ పేర్లు కనుక్కున్నాడు. వాళ్ళందరూ వణికిపోయారు. పిలిచి బహుమానాలు ఇచ్చాడు. తాను గెలిచింది అదృష్టం వల్ల, వాళ్ళు చెప్పిందే సరైన సలహా అని.

అక్కడితో కథ ఆగితే బాగుండేది. 208లో ప్రధానమంత్రి అయ్యాక చెవులు మూసుకోవడం మొదలైంది. కరువు వల్ల సారా మీద నిషేధం పెడితే దాన్ని ఎగతాళి చేసిన పండితుడు కుంగ్ రోంగ్‌ని, రకరకాల నేరాలు మోపి, పిల్లలతో సహా చంపించాడు. పేరుగాంచిన వైద్యుడు హువా తువో తన దగ్గర ఉండనన్నాడని జైల్లో వేయించి ప్రాణం తీశాడు. తర్వాత ముద్దుల కొడుకు త్సావ్ చోంగ్ జబ్బుపడ్డాడు. పడవలో ఏనుగుని ఎక్కించి, నీటి గీత గుర్తుపెట్టి, దాని బదులు రాళ్ళు వేసి బరువు తూచే ఉపాయం చెప్పిన పిల్లాడు ఇతనే. మా అల్గారిథమ్స్ క్లాసులో చెప్పాల్సిన కథ. 13 ఏళ్ళకే పోయాడు. వైద్యుణ్ణి చంపుకున్నందుకే బిడ్డ పోయాడని త్సావ్ త్సావ్ ఏడ్చాడు. అదే ఏడాది చలికాలంలో, ఎర్ర కొండల దగ్గర యాంగ్‌జీ నది మీద సున్ చ్యువాన్, లియు బెయ్‌ల సైన్యం ఆయన ఓడల్ని తగలబెట్టింది. అలవాటు లేని నీళ్ళు, రోగాలు, నిప్పు, అన్నీ కలిసి ఓడించాయి. చైనాని ఒక్కటి చేయాలన్న కోరిక అక్కడే ఆగింది.

ఆ తర్వాత 213లో వెయ్ సామంతుడు, 216లో వెయ్ రాజు అయ్యాడు. సింహాసనానికి ఒక్క మెట్టు కింద ఆగిపోయాడు. 219లో హాన్‌జోంగ్ కొండల్లో లియు బెయ్‌తో పోరాటం తేలనప్పుడు, ఆ రాత్రి సంకేతపదంగా కోడి పక్కటెముక అని ఇచ్చాడట. తిందామంటే మాంసం ఉండదు, పారేద్దామంటే మనసొప్పదు. ఆఖరికి ఆ ప్రాంతం వదిలేసి వచ్చాడు. యుద్ధం గురించి ఆయనకి తట్టిన చివరి పోలిక కూడా తిండిదే.

220 మార్చిలో లువోయాంగ్‌లో చనిపోయాడు. దేశం ఇంకా కుదుటపడలేదు కాబట్టి తన సమాధిలో బంగారం, రత్నాలు పెట్టొద్దని, కాపలా సైనికులు చోటు వదిలి రావద్దని చెప్పాడు. అంతఃపురపు ఆడవాళ్ళు చెప్పులు కుట్టడం నేర్చుకుని అమ్ముకోవచ్చన్నాడు. ఆ ఏడాదే కొడుకు త్సావ్ పి హాన్ చక్రవర్తిని దించి తానే చక్రవర్తి అయ్యాడు. 2009లో హెనాన్‌లోని ఆన్‌యాంగ్ దగ్గర ఒక పల్లెలో ఆయన సమాధి దొరికిందని ప్రకటించారు.

ఆయన పోయాక కూడా జనం రెండుగా చూస్తూనే ఉన్నారు. మూడో శతాబ్దంలో చెన్ షౌ రాసిన చరిత్రలో అసాధారణమైన మనిషి. పద్నాలుగో శతాబ్దపు లువో గ్వాన్‌జోంగ్ నవలలో మోసగాడు. చైనా నాటకాల్లో ఆయన వేషానికి మొహమంతా తెల్ల రంగు, అంటే నమ్మకూడని మనిషి అని. గేమ్‌లో కూడా రెండు మోడ్‌లు పెట్టారు, ఒకటి నవల దారిలో, ఒకటి చరిత్ర దారిలో. మంచివాడా చెడ్డవాడా అని నన్నడిగితే నా దగ్గర ఒక్క మాట జవాబు లేదు. పది లక్షల హుల ధాన్యం పక్కన సి నదిలో శవాలు కూడా రాసి ఉన్నాయి. ఒకటి చెరిపేసి ఒకటి చదివితే అది ఆయన జీవితం కాదు.

మళ్ళీ ఇంటికి వెళ్ళినప్పుడు ఇదంతా జేజికి చెప్పాను. మిడతలు, భాగాల లెక్క, 230 అడుగుల బావి. పేర్లు ఆమెకి నోరు తిరగలేదు కానీ కథ అంతా అర్థమైంది. అప్పుడు తన కథ చెప్పింది. 1952 కరువులో గంజి కేంద్రం ముందు ముంత పట్టుకుని వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని నిలబడింది. అప్పుడు ఎవరి ప్రభుత్వమో, ఎవరు మంత్రో ఆమెకి గుర్తు లేదు. ఏ రోజు గంజి చిక్కగా ఉండేదో, ఏ రోజు నీళ్ళలా ఉండేదో మాత్రం గుర్తుంది.

ఆ రాత్రి గేమ్ మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. 190వ సంవత్సరం, త్సావ్ త్సావ్, చిన్న సైన్యం. ఈసారి సైన్యాన్ని కదపకముందు నా ఊళ్ళలో పొలాలు ఎక్కడున్నాయో చూసుకున్నాను. ఇరవై టర్న్‌లకి కూడా నేను పెద్దగా ఏమీ గెలవలేదు. తిండి అంకె మాత్రం పచ్చగా ఉంది. జేజి వచ్చి చూసి, ఇప్పుడు వీళ్ళు తింటున్నారా అని అడిగి, తింటున్నారని చెప్తే పోయి పడుకుంది.